చేతిఖర్చు

దుప్పటి ఇవతలికి వచ్చింది. ఎర్రగా వచ్చింది.

లాండ్రీలో ఇస్త్రీ రోలర్లకు ఇవతల నిలబడి, కాలుతూ జారిపడే దుప్పట్లను పట్టుకుని మడతపెట్టే చంటిదాని తల్లి ముందు విసుక్కుంది. ఆస్పత్రి మరకలు వదలకుండానే పంపేశారు, మేస్త్రీ మళ్ళీ తననే అంటాడు అనుకుంది. ఆ తర్వాతే అరుపు వినబడింది. అవతల దుప్పటి కొసలు అందిస్తున్న డిగ్రీపిల్ల కుడిచెయ్యి మణికట్టు దాకా రోలర్ల మధ్యకు వెళ్ళిపోయింది.

రోలర్ల ముందు ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. చెయ్యి కాస్త ముందుకు పోతే దానికి తగులుతుంది. తగిలితే మిషను ఆగుతుంది. ఆ పిల్ల ఎడంచేత్తో కడ్డీని గుద్దింది, మోకాలితో తన్నింది. కడ్డీ కదల్లేదు. దాన్ని ఎవరో చింపిన దుప్పటి పేలికతో బిగించి కట్టేశారు.

బాయిలరు చూసుకునే తాత పరుగెత్తుకొచ్చి స్విచ్ ఆపేశాడు. ఆగిన రోలర్లు కూడా కాలుస్తూనే ఉంటాయి. అక్కడే పనిచేసే ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు గునపం దూర్చి పై రోలరును లేపేసరికి ఆ పిల్ల అరవడం మానేసింది. చెయ్యి బయటికి వచ్చింది. దాన్ని ఇక చెయ్యి అనాలో వద్దో అక్కడున్నవాళ్ళెవరికీ తెలియలేదు.

మేస్త్రీ వచ్చి ముందు పిల్లని చూడలేదు. "ఆ దుప్పట్లు పక్కకి లాగండి, మిగతావి కూడా పాడవుతాయి" అన్నాడు. అందరూ పిల్లని ఎత్తుకుని గేటు వైపు పరుగెడుతుంటే అతను కడ్డీ దగ్గర వంగి ముడి విప్పబోయాడు. గోళ్ళతో గీరాడు. పళ్ళతో లాగాడు. లాగినకొద్దీ అది బిగుసుకుంది. చివరికి బ్లేడుతో కోసి, పేలికను కాలితో బల్ల కిందికి నెట్టాడు.

చంటిదాని తల్లి చూసింది. ఆ ముడి ఆమెదే.

ఉయ్యాల ముడి అది. బిడ్డ బరువు పడినకొద్దీ బిగుసుకునే ముడి. ఆ పొద్దున కడ్డీ మాటిమాటికీ తగిలి మిషను ఆగిపోతుంటే మేస్త్రీయే చెప్పాడు: "ఏమ్మా, ఉయ్యాల భలే కడతావుగా, దీనికీ ఓ కట్టు కట్టు. ఆస్పత్రి లారీ వచ్చేస్తోంది." ఆమె కట్టింది. మెచ్చుకున్నాడని కాస్త పొంగిపోయింది కూడా.

ఎవరూ చూడకుండా ఆమె బల్ల కిందికి దూరి ఆ పేలిక తీసింది. మాసినబట్టల తోపుడుబండిలో పడుకున్న పదకొండు నెలల కూతురి కింద దాచింది. ఎందుకు దాచిందో ఆమెకే తెలియదు.

ఆ లాండ్రీలో ఇలాంటి మిషన్లు నాలుగు. ఆరునెలల క్రితం కాంట్రాక్టరు కాలేజీ గోడల మీద కాగితాలు అంటించాడు. "చదువుకుంటూనే సంపాదించుకోండి. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు. అనుభవం అక్కర్లేదు." హాస్టల్ ఫీజు కట్టలేనివాళ్ళు, పుస్తకాలు కొనలేనివాళ్ళు, ఇంట్లో అడగడానికి నోరు రానివాళ్ళు వచ్చారు. వాళ్ళు రాగానే పదకొండుమంది ఆడవాళ్ళను రేపట్నుంచి రావద్దన్నాడు. అలా లోపల రెండు జట్లయ్యాయి. "మీ కూడు లాక్కోవడానికి దొరబిడ్డలు దిగారు" అని కాంట్రాక్టరు ఆడవాళ్ళతో అనేవాడు. "చదువులేని మొద్దులు, వాళ్ళతో మాటలు పెట్టుకోకండి" అని పిల్లలతో అనేవాడు. రెండు జట్లూ నమ్మాయి.

చంటిదాని తల్లికి కోపం ఇంకోటి. డిగ్రీపిల్ల ఖాళీ దొరికితే బల్ల మీద పుస్తకం తెరిచేది. "అక్కా, నువ్వెంతవరకు చదివావ్?" అని ఒకరోజు అడిగింది. "పది. పరీక్షకు ముందే పెళ్ళి చేసేశారు" అని, ఆమె ఆ బల్ల మీదే దబ్బున దుప్పట్ల కట్ట పడేసింది. ఆ పుస్తకం చూస్తే కడుపు మండేది.

మర్నాడు గేటు దగ్గర వందమంది విద్యార్థులు నిలబడ్డారు. కాంట్రాక్టరు మెట్ల మీదికి వచ్చాడు.

"చూడండి బాబూ, ఆ అమ్మాయి మా కార్మికురాలు కాదు. స్టూడెంటు. సరదాకి, చేతిఖర్చులకి వచ్చి పోతుంది. పని తొందరగా తెమిలితే పుస్తకం పట్టుకోవచ్చని కడ్డీ తనే కట్టేసుకుంది. దానికి నేనేం చేసేది?"

ఆ పిల్ల క్లాసువాడు, మందపాటి కళ్ళజోడువాడు, ముందుకొచ్చాడు. "చేతిఖర్చులకేనండీ వచ్చింది. చెయ్యే ఖర్చయిపోయింది."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట మాత్రం గేటు దాటి లోపలికి పాకింది. మడతలు పెడుతున్న ఆడవాళ్ళ చేతులు ఒక్క క్షణం ఆగాయి.

సాయంత్రం కాంట్రాక్టరు చంటిదాని తల్లిని గదిలోకి పిలిపించాడు. కూర్చోమన్నాడు కూడా. ఎప్పుడూ అనని మాట అది.

"కట్టింది నువ్వని మేస్త్రీ చెప్పాడు. నేను బయట పెట్టను. నువ్వు నోరు తెరిచావనుకో, జైల్లో కూర్చునేది నేను కాదు. చంటిదాన్ని ఎవరు చూస్తారమ్మా? మొగుడు కూడా దగ్గర లేడాయె."

ఆమె బిడ్డను రొమ్ముకు అదుముకుని బయటికొచ్చింది. ఇంటికి పోవాలనుకున్న కాళ్ళు ఆస్పత్రికి నడిచాయి.

డిగ్రీపిల్ల మంచం మీద కళ్ళు తెరిచే ఉంది. కుడిచేతికి కట్టు బొంగరంలా ఉంది. బొటనవేలు ఒక్కటే మిగిల్చారట.

"నేనే కట్టుకున్నానంటున్నాడట కదక్కా? నాకు ముడి వెయ్యడమే రాదు. బూట్ల లేసు కూడా నిన్నమొన్నటిదాకా మా అమ్మే కట్టేది." నవ్వబోయి, పెదవి కొరుక్కుంది. "ఇరవై రోజుల్లో పరీక్ష. నేను చెబుతుంటే పక్కన ఇంకొకరు రాయొచ్చట. కాకపోతే నాకంటే తక్కువ చదివినవాళ్ళే రాయాలట. ఆ లెక్కన నువ్వు సరిగ్గా సరిపోతావ్."

చెప్పేయాలని ఆమె నోరు తెరిచింది. బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు చాటున తప్పించుకుని లేచి వచ్చేసింది. దారంతా తన చేతులు తనవి కానట్టే అనిపించాయి.

మూడోరోజు మధ్యాహ్నం లాండ్రీ వెనక, ఆరేసిన దుప్పట్ల మధ్య రెండు జట్లూ కలిశాయి. కలిసింది మాట్లాడుకోవడానికి, మొదలైంది తిట్లతో.

"మీరు రాకముందు మాకు ఈ గొడవల్లేవు!" అంది బట్టలుతికే పెద్దమ్మ. "నాలుగు గంటలు చేసి పోతారు, ఎనిమిది గంటల పని మా నెత్తిన పడుతుంది."

"మాకేం సరదానా పెద్దమ్మా? పొద్దున్నుంచి ఏమీ తినకుండా నేరుగా ఇక్కడికొస్తున్నాం!"

"తినకపోతే మానెయ్. మా పదకొండుమందినీ వెనక్కి పిలిపించు."

"ముందు ఆ కడ్డీ ఎవరు కట్టారో చెప్పండి!" అని కళ్ళజోడువాడు అరిచాడు. "అందరికీ తెలుసు. ఒక్కరికీ నోరు రాదు!"

చంటిదాని తల్లి బిడ్డను పెద్దమ్మ చేతుల్లో పెట్టింది. పేలిక తీసి అందరికీ కనబడేలా పట్టుకుంది.

"నేనే కట్టా."

కళ్ళజోడువాడు ఆగలేదు. ఆమె చెంప పగలగొట్టాడు. ఆమె దుప్పట్ల మీదికి తూలి పడింది. మళ్ళీ చెయ్యెత్తబోయాడు. బాయిలరు తాత మధ్యలోకి వచ్చాడు.

"కొట్టు బాబూ. నన్నూ కొట్టు. వేడి తగ్గించొద్దన్నాడు, తగ్గించలేదు. తగ్గించుంటే నాలుగు వేళ్ళలో ఒకటైనా మిగిలేదేమో."

"రెండో మిషను కడ్డీ నేను కట్టా" అంది ఒకామె, తల దించుకుని.

"మూడోది మేం కట్టాం" అన్నాడు ఒక విద్యార్థి. కళ్ళజోడువాడు గిరుక్కున తిరిగి చూశాడు. "అవున్రా, మేమే. చక్కగా చేస్తున్నారు బాబూ అన్నాడు మేస్త్రీ. మాకేం తెలుసు?"

గాలికి దుప్పట్లు కొట్టుకుంటున్నాయి. కాంట్రాక్టరు మాట మీద మన చేతులే మన చేతుల్ని రోలర్లకి అందించాయని, ఎవరూ పైకి అనకపోయినా, అందరికీ ఒక్కసారే అర్థమైంది. కళ్ళజోడువాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అక్కా..." అన్నాడు.

"క్షమాపణలు తర్వాత. ఆ కడ్డీలన్నీ విప్పేస్తే ఏమవుద్ది?" అని పెద్దమ్మ అడిగింది.

"చెయ్యి తగిలిన ప్రతిసారీ ఆగిపోతుంది" అన్నాడు తాత. "గంటకి ఓ పది దుప్పట్లయితే ఎక్కువ."

"మరింకేం? పని మానొద్దు. చేద్దాం. చేతులు భద్రంగా పెట్టుకుని, ఎలా చెయ్యాలో అలాగే చేద్దాం."

మర్నాడు రెండు గంటలకు అందరూ కలిసే లోపలికి వెళ్ళారు. ముడులు విప్పారు. ఊడనివి కోశారు. మిషన్లు తిరిగాయి, ఆగాయి, తిరిగాయి, ఆగాయి. దుప్పట్లు గుట్టలుగా పేరుకున్నాయి. లారీ డ్రైవరు హారను కొట్టి కొట్టి విసిగిపోయాడు. మేస్త్రీ రెండో మిషను కడ్డీని మళ్ళీ కట్టబోతే పెద్దమ్మ అతని చెయ్యి పట్టుకుని రోలర్ల దాకా లాగింది.

"రా అయ్యా, ఓసారి నీ చెయ్యి పెట్టు. సరదాకి!"

మేస్త్రీ గావుకేక పెట్టాడు. కాంట్రాక్టరు మనుషులు ఇనుప గొట్టాలతో లోపలికి దూకారు. మొదటి దెబ్బ బాయిలరు తాత నెత్తిన పడింది. ఆయన నెత్తురు కళ్ళలోకి కారుతున్నా పాక్కుంటూ వెళ్ళి ఆవిరి గొట్టం మర విప్పేశాడు. గది తెల్లబడిపోయింది. ఆ తెలుపులో ఆడవాళ్ళు తడి దుప్పట్లు మెలిపెట్టి చావబాదారు. విద్యార్థులు తోపుడుబండ్లు అడ్డం పెట్టారు. ఒకడి పళ్ళు రాలాయి, ఒకడి భుజం విరిగింది. చేతిలోని గొట్టం జారిన ఒక రౌడీ బాబోయ్ బాబోయ్ అంటూ తలుపు వెతుక్కున్నాడు. చంటిదాని తల్లి కూతురి బండిని గోడకు నెట్టి దాని మీద బోర్లా వంగింది. వీపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. లెక్కపెట్టుకుంది. ఒక్కటీ కిందికి దిగనివ్వలేదు.

పోలీసులు వచ్చారు. లాఠీలు అందరి మీదా కాదు, అప్పటికే దెబ్బలు తిన్నవాళ్ళ మీదే మళ్ళీ పడ్డాయి. ఇన్‌స్పెక్టరుకు కాంట్రాక్టరు టైపు చేసిన ఫిర్యాదు అప్పుడే అందించాడు. దాని మీద సంతకం సిరా ఆరిపోయి చాలాసేపయింది.

"వీళ్ళ మాట కూడా రాసుకోండి సార్" అన్నాడు కళ్ళజోడువాడు, పగిలిన పెదవితో.

"రాసిచ్చేవాళ్ళుంటే ఇవ్వమను. ఈ దుప్పట్లాళ్ళకి రాత కూడానా?"

ఆ రోజు పడిపోయిన డిగ్రీపిల్ల నోటుపుస్తకం ఇంకా బల్ల కిందే ఉంది. చంటిదాని తల్లి దాన్ని తీసి, ఖాళీ పేజీ తెరిచింది. ఎనిమిదేళ్ళ తర్వాత పెన్ను పట్టింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. వాక్యం పూర్తయ్యాక గట్టిగా చదివింది.

"కడ్డీ కట్టింది నేను. కట్టమన్నది మేస్త్రీ. నాలుగు మిషన్లకీ కట్టించింది కాంట్రాక్టరు. ఆ పిల్ల మాలాగే పనిమనిషి. సరదాకి రాలేదు."

పేలికను పక్కన పెట్టి పుస్తకం బల్ల మీద పరిచింది. వెనక నుంచి పెద్దమ్మ వేలిముద్ర వేసింది. ఆపైన ఒక్కొక్కరే. సంతకాలూ వేలిముద్రలూ కలిసిపోయి ఎవరు చదివినవాళ్ళో ఎవరు చదవనివాళ్ళో తెలియకుండా పేజీ నిండింది.

"అయితే నేరం ఒప్పుకున్నట్టేగా. ఈమెని వ్యాను ఎక్కించండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు, పుస్తకమూ పేలికా అందుకుని.

కాంట్రాక్టరు ముఖంలో మాత్రం నెత్తురు లేదు.

"పాలు బాగా చల్లార్చి పట్టు పెద్దమ్మా. ఎడంపక్కకి పడుకోబెడితేనే నిద్రపోతుంది" అంది ఆమె, బిడ్డను అందిస్తూ. వ్యాను ఎక్కుతూ కళ్ళజోడువాడి వైపు తిరిగింది.

"ఆ పిల్లతో చెప్పు. తక్కువ చదివినవాళ్ళే కావాలందిగా. పరీక్ష రాసేది నేనే. ఆ రోజులోపు మీరే నన్ను బయటికి తేవాలి."

"తెస్తామక్కా!"

వ్యాను గేటు దాటింది. ఆ వీధిలో లాండ్రీలు ఇంకా ఐదున్నాయి; కడ్డీల ముడులు విప్పిన సంగతి అప్పటికే వాటిలోకి పాకింది. పొద్దస్తమానం వాటి మిషన్ల రొద ఆగదు. మలుపు దగ్గర వ్యాను నెమ్మదించినప్పుడు మొదటి లాండ్రీ కిటికీలో ఒక అమ్మాయి కనబడింది. భుజాన కాలేజీ సంచి, చేతిలో కడ్డీ నుంచి అప్పుడే విప్పిన తెల్లటి పేలిక. ఆ పక్కనే ఒక ముసలామె నిలబడి ఉంది. ఆమె చేతిలోనూ అదే.

లోపలి రొద ఆగింది. తర్వాత రెండో లాండ్రీలో ఆగింది. ఆమె ఊపిరి బిగపట్టి మూడోదాని కోసం చెవులు రిక్కించింది.

అదీ ఆగింది.