ముదురాకు

అంట్లు సగం తోమేసరికి ల్యాబ్ డైరెక్టరు ఫోన్ చేశాడు. "వ్యాసం పంపానమ్మా. చివర్లో కృతజ్ఞతల్లో మీ పేరు పెట్టాం. చూసుకుని సాయంత్రంలోగా సరేనని రాసెయ్యండి." ఆమె సబ్బు చేతులతోనే "సరే సార్" అనేసింది. అలవాటు పడిన నోరు, మనసును అడగదు.

ఆమె మూడేళ్ల పని అది. మొక్కల్లోని రసాయనాలను ఒక్కొక్కటిగా కంప్యూటర్లో వాపు తెచ్చే ప్రొటీన్ పక్కన పెట్టి, ఏది గట్టిగా అతుక్కుంటుందో చూడాలి. అతుక్కున్నది రేపు మందు కావచ్చు. ఆ పనికి భర్త పెట్టిన పేరు బొమ్మలాట. "ఇంట్లో కూర్చుని బొమ్మలు తిప్పుతూ గ్యాస్ బుక్ చెయ్యడం మర్చిపోయావా?" అనేవాడు. ఒకసారి కంప్యూటర్ మోత భరించలేక, నాలుగు రోజులుగా నడుస్తున్న లెక్కను స్విచ్ నొక్కి ఆపేశాడు. స్నానాల గదిలో ఏడ్చి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఇప్పుడు సంగతి చెబితే, "ఉద్యోగం పోలేదుగా, పేరుదేముంది?" అన్నాడు తలెత్తకుండా.

ఒళ్లు మండింది. రచయితల్లో తన పేరుండాలని రాయడానికి కూర్చుని, రుజువు కోసం పాత నోట్సు తెరిచింది. మొదటి ఏడాదంతా లేతాకుల రసాయనాలే, ఒక్కటీ అతుక్కోలేదు. తర్వాత ముదురాకులకు మారింది. ఎందుకు మారిందో పక్కన తన రాతే ఉంది: "పెద్దల అనుభవం."

ఆ పెద్దలు అత్తగారు. ఒకరోజు బట్టలు మడతపెడుతూ చెప్పింది. "లేతాకు మోకాళ్లకెందుకే పిచ్చిదానా? పసుపెక్కిన ముదురాకు నూరి కడితేనే వాపు తీస్తుంది. మీ మావయ్యకి ఇరవై ఏళ్లు కట్టాను." అప్పుడు కోడలు నవ్వింది. అయినా ప్రయత్నించింది. వ్యాసానికి ప్రాణమైన రసాయనం ఆ ముదురాకులోనే దొరికింది. అత్తగారికి ఆ మాట చెప్పాలని కూడా తోచలేదు.

లేచి వెళ్లింది. "అత్తయ్యా, మీ పేరు పూర్తిగా ఎలా రాస్తారు?"

"ఎందుకే, ఆస్పత్రికా?"

"కాదు. మీ ముదురాకు గురించి పుస్తకంలో వస్తోంది."

ముసలావిడ చేతిలో మడతపెడుతున్న చొక్కా అలాగే ఉండిపోయింది. "బళ్లో పలక మీద రాశానేమో. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. మా అబ్బాయి తల్లి అని రాసెయ్, చాలు."

కోడలు కళ్లు తుడుచుకుని, పేరు చెప్పించుకుని వచ్చి, డైరెక్టరుకు జవాబు రాసింది.

"సరే కాదు సార్. రచయితల్లో రెండు పేర్లు లేవు. ఒకటి మీరు వదిలేశారు, ఇంకోటి మీకన్నా ముందు నేను వదిలేశాను."