మ్యూనిక్‌కు ముందు మూడు రోజులు

శామీర్‌పేట చెరువులో నలభై ఏళ్లుగా వల వేస్తున్న గండయ్య జర్మనీకి పోతున్నాడంటే ఊళ్లో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మించడానికి గండయ్య కూడా తంటాలు పడలేదు. చేపల సొసైటీ అరుగు మీద కూర్చుని, "ఆడ బీరు జాతర ఐతదంట. లచ్చలమంది ఒక్కకాడ కూసొని తాగుతరంట. మా సాయిగాడు తోల్కపోతుండు," అని ఒక్కసారి చెప్పి బీడీ ముట్టించుకున్నాడు. మిగతా పని ఊరే చేసిపెట్టింది. పొద్దు గూకేసరికి గండయ్య కొడుకు తండ్రికి కోటు కుట్టిస్తున్నాడని, అక్కడి దొరలు చెరువు చూడటానికి వస్తున్నారని కూడా కథలు పుట్టాయి.

సాయినాథ్ మేడ్చల్ పారిశ్రామికవాడలో, సీసాలు నింపే యంత్రాలు తయారుచేసే జర్మనీ వాళ్ల కంపెనీలో ఫిట్టరు. పన్నెండేళ్ల సర్వీసు. ఈ ఏడు కంపెనీ ఏడుగురిని శిక్షణకు మ్యూనిక్ పంపుతోంది. చివర్లో ఒకరోజు ఆ పెద్ద బీరు పండగ కూడా చూపిస్తామంది. ఒక్కొక్కరు ఇంట్లోంచి ఒకరిని వెంట తెచ్చుకోవచ్చు. సాయినాథ్ భార్య యమునకు ఏడో నెల, విమానం ఎక్కడం మంచిది కాదు. తల్లి సాలమ్మ మేడ్చల్ దాకా బస్సెక్కితేనే వాంతి చేసుకునే మనిషి. ఇక మిగిలింది నాయిన.

మిగిలాడు కాబట్టి తీసుకుపోతున్నాడనడం మాత్రం అబద్ధం. సాయినాథ్ మనసులో మొదటినుంచీ ఉన్నది నాయినే. అతను ఐటీఐ చదివిన రెండేళ్లూ గండయ్య చేపల గంప సైకిలుకు కట్టుకుని బొల్లారం దాకా తొక్కాడు. వానొచ్చినా ఆగలేదు, జ్వరమొచ్చినా ఆగలేదు. ఆ మనిషిని ఒక్కసారి పెద్ద డేరా కింద బల్ల ముందు కూర్చోబెట్టి, ఎవరో తెచ్చి ఇస్తుంటే తాగుతూ నవ్వుతుంటే చూడాలని కొడుకు కోరిక. ఇది చిన్న కోరికే. కానీ చిన్న కోరికలకే పెద్ద దిష్టి అని మనవాళ్లు ఊరికే అనలేదు.

మొదటి అడ్డు వీసా ఆఫీసులోనే తగిలింది. వల తాళ్లు లాగీ లాగీ గండయ్య వేళ్లు నున్నగా అరిగిపోయాయి. యంత్రం మీద మూడుసార్లు పెట్టినా ముద్ర పడలేదు. "నీ చేతికి గుర్తే లేదు తాతా," అని అక్కడి అమ్మాయి నవ్వింది. గండయ్య నవ్వలేదు. నాలుగోసారి తడిగుడ్డతో తుడిచి గట్టిగా అదిమితే పడింది. వీసా వచ్చినా, ఆ మాట మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది. సాలమ్మ విని, "గుర్తు లేనోన్ని గంత దూరం ఎందుకు తోలుడు," అని గొణిగింది.

రెండో అడ్డు కంపెనీలో. ప్రయాణం ఏర్పాట్లు చూసే ఆఫీసరు భానుతేజ ఆంధ్రా అబ్బాయి, గుండ్లపోచంపల్లిలో కొత్త కాలనీలో ఉంటాడు. మర్యాదస్తుడే.

"సాయినాథ్ గారూ, ఆ డేరాలో మన బల్లలు నెలల కిందటే రాయించామండి. అందరూ టైముకి వచ్చి కూర్చోవాలి. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అక్కడే. మీ నాన్నగారు అంతసేపు ఉండగలరంటారా? మొత్తం మీద ఎనిమిది రోజులు. సోమవారం పొద్దున పేర్లు ఖాయం చేస్తాను. ఆ తర్వాత మార్చడానికి కుదరదు."

"ఉంటడు సార్," అన్నాడు సాయినాథ్. అనేశాడు గానీ, అప్పటినుంచి ఆ ప్రశ్న అరికాల్లో ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఎందుకంటే గండయ్య ముప్పై ఏళ్లుగా ప్రతిరోజూ పదకొండింటికి కల్లు కంపౌండుకు పోతాడు. రెండు సీసాలు. సాయంత్రం ఇంకో రెండు. పెళ్లయినా, చావైనా, ఎలక్షనైనా ఆ లెక్క తప్పడు. మరి మ్యూనిక్‌లో కల్లు ఎక్కడిది?

అక్కడే సాయినాథ్‌కు ఒక ఉపాయం తట్టింది. కల్లు తాగేదే, బీరూ తాగేదే. ఇక్కడే నాలుగు రోజులు కల్లు మాన్పించి బీరు అలవాటు చేస్తే, అక్కడ బెంగ ఉండదు. ఇంత తెలివైన ఆలోచన తనకు తప్ప ఎవరికీ రాదనుకున్నాడు. నిజమే, మన చుట్టుపక్కల వాళ్లకు తప్ప ఇంకెవరికీ రాదు కూడా.

గురువారం సాయంత్రం సాధన మొదలైంది. మేడ్చల్‌లో లీటరు పట్టే గాజు మగ్గు కొనుక్కొచ్చాడు. వాకిట్లో బెంచీ వేశాడు. వీధివాళ్లు నలుగురు గోడవారగా చేరారు. గండయ్య మగ్గు చెవి పట్టుకుని ఒక గుక్క తాగి ముఖం వికారంగా పెట్టాడు.

"ఏందిరా గిది? యాపాకు ఉడకవెట్టిన నీళ్ల లెక్కుంది."

"ఆడ గిదే తాగుతరు నాయినా. అలవాటు జేస్కో. సోమారం దాంక కంపౌండు మొకం సూడొద్దు."

"నువ్వంటే ఇగ సూడ తియ్," అన్నాడు గండయ్య. కొడుకు మాట మీద ఆయనకు అంత గురి. మగ్గు ఖాళీ చేశాడు. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు.

శుక్రవారం సాయంత్రం ఎవరూ నవ్వలేదు. మగ్గు ఎత్తితే సగం చొక్కా మీద ఒలికింది. చేతులు వణుకుతున్నాయి. ముందురోజు రాత్రి కన్ను మూయలేదని సాలమ్మ చెప్పింది. చల్లగాలి తగులుతున్నా గండయ్య మెడ మీద చెమట కారుతోంది. మగ్గు బరువుకు వణుకుతున్నాయని సాయినాథ్ తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

యమున మేడ్చల్ రోడ్డులో మందుల దుకాణంలో పని చేస్తుంది. ఆ సాయంత్రం ఇంటికొస్తూనే మామ చేతులు చూసి, భర్తను లోపలికి పిలిచింది.

"కల్లు బంద్ జేపిచ్చినవా?"

"జేపిచ్చిన. బీరు తాపుతున్న గద."

"ఈడ తాటిచెట్లు ఎన్ని మిగిలినయ్ చెప్పు? అన్ని కొట్టేసి ప్లాట్లు జేసిన్రు. మరి కంపౌండుకు దినాం గన్ని సీసాలు ఏడికెల్లి వస్తున్నయ్? నీళ్లల్ల నిద్రగోళీల పొడి కలిపి కల్లని పోస్తున్నరు. కంపౌండు బందున్న నాడు మా దుకాణం ముంగట లైను కడ్తరు. చేతులు గిట్లనే వణుకుతయ్."

"ముప్పై ఏండ్ల సంది తాగుతుండు. ఏమన్న అయ్యిందా?"

"తాగినన్నొద్దులు ఏం గాదు. ఒక్కపారి ఆపితేనే పానం మీదికొస్తది."

సాయినాథ్‌కు ఒళ్లు మండింది. "మందుల దుకాణంల కూసున్నోళ్లకు అందరు రోగులే కనవడ్తరు," అనేసి బయటికి వచ్చాడు. అంతా సవ్యంగా జరుగుతున్నప్పుడు మనుషులు ఇలాంటి మాటలు ఎందుకంటారో అతనికి అర్థం కాలేదు. అంతా సవ్యంగా జరగడం లేదని లోపల తెలుసు కాబట్టే అంత కోపం వచ్చిందని మాత్రం ఒప్పుకోలేదు.

శనివారం, మూడో రోజు, అతను డ్యూటీ నుంచి వచ్చేసరికి గండయ్య బెంచీకి ఒక చివర కూర్చుని ఉన్నాడు. మిగతా బెంచీ అంతా ఖాళీ. సాయినాథ్ పక్కన కూర్చోబోతే తండ్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడ కూసోకు. మా అన్న ఉన్నడు."

గండయ్య అన్న బుచ్చయ్య చెరువు తూము దగ్గర మునిగి చచ్చిపోయి ఇరవై ఏళ్లు.

"ఏ అన్న నాయినా?"

"కనవడ్తలేదా? తడిబట్టలతోని వచ్చిండు. వాని ఎనక ఇంక నలుగురున్నరు. జరుగుండ్రి, జరుగుండ్రి, పోరనికి జాగియ్యుండ్రి." ఖాళీ బెంచీకేసి చూస్తూ గండయ్య ఎంతో మర్యాదగా చెబుతున్నాడు. ఆయన మెడ నెమ్మదిగా ఎడమపక్కకు గుంజుకుపోయి అక్కడే ఆగిపోయింది. చూపు మాత్రం బెంచీ మీదే ఉంది.

సాయినాథ్ బండి తాళం తీసుకున్నాడు. ఆస్పత్రికి పోదామంటే సాలమ్మ అడ్డం పడింది. ఆమెకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. మర్నాడే పెత్రమాస, పోయిన పెద్దలు ఇంటికొచ్చి తమ భాగం అడిగే రోజు.

"పెద్దలు వచ్చిన్రు కొడుకా. సముద్రం దాటేముందు తమకు వెట్టలేదని కోపమొచ్చింది. రేపు చేపలకూర, కల్లు వెడ్త. అన్ని సక్కగైతయ్. కరోనల అన్ని బందువడ్డప్పుడు గిట్లనే అయ్యింది. అప్పుడు నువ్వు కంపెనీ పని మీద పోయి పూనాల ఉంటివి. మూడోనాటికి మీ నాయిన చెరువులకు ఉరికిండు. నా చీరతోని మంచానికి కట్టేసిన. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే. మైసమ్మకు కోడిని కోస్తనని మొక్కిన, నాలుగొద్దులకు తేరుకున్నడు."

"ఆ నాలుగొద్దులకే కంపౌండు ఎనక తలుపు తెరిచిన్రా అత్తమ్మా?" అని యమున అడిగింది.

సాలమ్మ ఆలోచించి, "ఆ, గప్పుడే తెరిచిన్రు," అంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆమెకు తోచలేదు. సాయినాథ్‌కు తోచింది. ఆ రాత్రంతా తండ్రిని పట్టుకుని కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున సాలమ్మ విస్తరి వేసి అన్నం, చేపల పులుసు పెట్టి, పక్కన రెండు కల్లు సీసాలు ఉంచి దండం పెట్టింది. పెద్దలకు పెట్టినది ఇంటి పెద్ద ముట్టాలి. అది వాళ్ల ఆనవాయితీ. ఆమె సీసా మూత తీసి మొగుడి నోటికి అందించింది. గండయ్య రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్లాడు పాలు తాగినట్టు గటగటా తాగేశాడు.

గంట తిరగలేదు. మెడ నిటారుగా వచ్చింది. వణుకు ఆగింది. గండయ్య బెంచీ కేసి చూసి, "పోయిన్రు," అన్నాడు. అన్నం పెట్టమన్నాడు. వాకిట్లో చేరిన ఆడవాళ్లు చెంపలు వేసుకున్నారు. పెద్దలు శాంతించారు, ఇక ప్రయాణానికి అడ్డు లేదని ఒకరికొకరు చెప్పుకున్నారు. సాలమ్మ కళ్లు తుడుచుకుంటూ కొత్త స్వెట్టరు సంచిలో సర్దింది.

అందరూ సంతోషంగా ఉన్న ఆ వాకిట్లో భయంతో చచ్చిపోతున్నది సాయినాథ్ ఒక్కడే. తండ్రిని తనే చంపబోయాడు. ప్రేమతో, దగ్గరుండి, మగ్గు కొనిచ్చి మరీ. అయినా ఆశ చావలేదు. యమునను వెనక గదిలోకి పిలిచాడు.

"నువ్వే గోళీలియ్యి. ఎనిమిదొద్దులకు సరిపోయేటట్టు. ఆడ పొద్దుమాపు ఏస్త."

"ఎన్ని ఇయ్యాలె? ఆ పొడి ఎంత కలుపుతరో కలిపేటోనికే తెల్వదు. తక్కువ ఏస్తే విమానంలనే ఫిట్స్ వస్తయ్. ఎక్కువ ఏసి దాని మీద బీరు తాపితే నిద్రలనే ఊపిరి ఆగుతది. అందరు పాడుకుంట ఎగురుతుంటె మామయ్య బల్ల మీద తల వెట్టి పండుకుంటడు. నువ్వు మస్తు తాగిండనుకుంటవు."

అతను ఆ బల్లను చూశాడు, కళ్లకు కట్టినట్టు. నెలలుగా అనుకున్న బల్ల అదే. నాయిన దాని మీద తల పెట్టుకుని ఉన్నాడు. తను పక్కనే కూర్చుని పాటకు చప్పట్లు కొడుతున్నాడు.

"మరెట్ల?"

"పెద్ద డాక్టరుకు చూపియ్యాలె. మెల్లమెల్లగ తగ్గిస్తరు. నెలలు వడ్తది. అప్పటిదాంక దినాం ఆ కల్లే తాపుడు. ఒక్కపూట గూడ తప్పొద్దు."

సోమవారం పొద్దున సాయినాథ్ భానుతేజకు ఫోను చేసి నాయిన పేరు తీసెయ్యమన్నాడు. "అయ్యో, ఏమైందండీ?" అంటే, పానం బాగలేదన్నాడు. నగరంలో డాక్టరు దగ్గర తారీఖు అడిగితే మూడు వారాలకు దొరికింది. నాయినను ఒక్కరోజూ వదలలేక తనూ పోనని చెప్పేశాడు. దానికి భానుతేజ చాలా బాధపడ్డాడు, సాయినాథ్ పడలేదు. అతని బాధంతా వాకిట్లో కొత్త బూట్లు వేసుకుని అటూ ఇటూ నడుస్తున్న మనిషి గురించే.

"నాయినా, మనం పోతలేం."

గండయ్య ఆగాడు. "ఎందుకురా? పెద్దలు సల్లవడ్డరు గద."

నిద్రగోళీలని, పొడి అని, ముప్పై ఏళ్లుగా నువ్వు తాగింది కల్లు కాదని సాయినాథ్ ఏ నోటితో చెప్పాలి? గండయ్య బెంచీ మీద కూర్చుని ఒక బూటు విప్పాడు. తర్వాత మెల్లగా, ఎవరూ వినకుండా అడిగాడు.

"ఆడ ఎన్నొద్దులుండాలె?"

"ఎనిమిది."

గండయ్య వేళ్లు మడిచాడు. ఒకటి, రెండు, మూడు. మూడు దగ్గర ఆగిపోయాడు.

"మూడోనాడు వస్తరు బిడ్డా. కరోనల వచ్చిన్రు, మొన్న వచ్చిన్రు. ఆడికి గూడ వస్తరు. ఆడ వాళ్లకు కల్లు ఎవలు వోస్తరు?" ఆయన గొంతులో ఎన్నడూ వినని భయం ఉంది. "నీకు చెప్పబుద్ధి గాలే. మస్తు ఆశవడ్డవు గదాని ఊకున్న. పోకుంటేనే మంచిగుంటది."

సాయినాథ్‌కు ఏడుపు ఆగలేదు. తండ్రి ఎదుట ఏడవడం పెద్దయ్యాక అదే మొదలు. గండయ్య కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అప్పుడే మళ్లీ సన్నగా వణుకుతోంది. పదకొండు కావస్తోంది.

కొడుకే బండి తీశాడు. కంపౌండులో రేకుల కింద అప్పటికే వందమంది దాకా వరసగా కూర్చుని ఉన్నారు. ఇన్నేళ్లూ వాళ్లను తాగుబోతులనుకుని దాటిపోయేవాడు. ఇవాళ వాళ్ల చేతులు చూశాడు. సీసా ఇంకా అందనివాళ్ల చేతులన్నీ ఒక్కలాగే వణుకుతున్నాయి. తండ్రిని కూర్చోబెట్టి, సీసా తనే తెచ్చి, మూత తనే తీసి చేతికిచ్చాడు. వణుకు ఆగేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత గల్లా దగ్గరికి వెళ్లి, రేపు ఏ కారణం చేతనైనా కంపౌండు బంద్ అయ్యేటట్టుంటే తనకు ముందుగా ఫోను చెయ్యమని బతిమాలి నంబరు రాయించాడు.