మూలలు తేలిన అక్షరాలు

సైదమ్మ రాతకు గుండ్రదనం తెలియదు. కూతురు రూప ఒకటో తరగతిలో ఉన్నప్పుడు బడిలో నేర్చుకున్నది ఇంటికొచ్చి తల్లికి చెప్పేది. కంకర కొట్టి మొద్దుబారిన ఆ వేళ్లకు బలపం తిరిగేది కాదు. అందుకని రూప చీపురుపుల్లలు విరిచి నేల మీద అక్షరాలు పేర్చి చూపింది. ఆ తర్వాత పెన్ను పట్టినా సైదమ్మ రాత మారలేదు. ప్రతి అక్షరం మోచేతులు చాపి నిలబడ్డట్టే ఉండేది.

ఇప్పుడు రూప జడ్చర్లలో ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో కంప్యూటర్ మీద పనిచేస్తోంది. సైదమ్మ ఊరవతల మందుల కంపెనీలో ఊడ్చే పనికి పోతోంది.

ఒక ఆదివారం చర్చి నుంచి పక్కింటి జానమ్మతో నడిచి వస్తుంటే, బస్టాండు ఎదురుగా ఆడపిల్లల కబడ్డీ పోటీల ఫ్లెక్సీ కనబడింది. లావాటి ఎర్రటి అక్షరాలు, అన్నీ మూలలే. ఒక్కోటి ఒక్కో పక్కకు ఒరిగి, ఇప్పుడే దూకేట్టున్నాయి. కింద నిలబడ్డ పిల్లలు పకపకా నవ్వుతున్నారు.

"గమ్మతున్నయి గదా వదినా!" అంది జానమ్మ.

సైదమ్మ చెవులు వేడెక్కాయి. ఆ 'క' తనది. ఆ 'డ' తనది. ఎక్కడ సంతకం పెట్టినా అవతలివాళ్లు ముసిముసిగా నవ్వే రాత అది. తలవంచుకుని గబగబా నడిచింది.

సాయంత్రం రూప ఉరుకుతూ వచ్చింది. "చూసినవా అమ్మా? నీ రాతే! డబ్బాల మీద కారం, పసుపు అని రాసినవు గదా, ఫొటోలు తీసి కంప్యూటర్ల అక్షరాలు చేసిన."

"చూసిన. ఊరంత నవ్వుతున్నరు."

"నిన్ను జూసి గాదమ్మా. సంబరమై నవ్వుతున్నరు."

"గది నాకెట్ల ఎర్కైతది? నన్నొక్క మాటన్న అడిగినవా?"

తల్లి సంతోషపడుతుందనే తప్ప రూప ఇంకేమీ ఆలోచించలేదు. "అడగాల్సుండె," అంది మెల్లగా. "తప్పయింది."

పొద్దున్నే తానే పోయి ఆ ఫ్లెక్సీ దించేసింది. ఆ సంగతి సాయంత్రం తల్లికి జానమ్మ చెప్పింది. "కబడ్డీ పిల్లలు దుకాణం కాడికొచ్చి కూసున్నరు. గవే అక్షరాలు కావాల్నంట. అంగీల మీద గూడ గవే వేయాల్నంట."

మరునాడు డ్యూటీ దిగి సైదమ్మ నేరుగా దుకాణానికి పోయింది. ఆ రోజు కూడా గుమ్మంలో కూర్చున్న కబడ్డీ పిల్లల్లో ఒక పొట్టి పిల్ల లేచి నిలబడింది.

"పెద్దమ్మా, గవి రాసింది నువ్వేనా? చూస్తే దుంకబుద్ధైతది!"

సైదమ్మ ఆ ముఖంలో ఎగతాళి కోసం వెతికింది. కనబడలేదు. కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చుంది.

"చూపెట్టు."

తెర నిండా అక్షరాలు. ఒకదాని మీద వేలు పెట్టింది. "గిది నాది గాదు. నున్నగున్నది."

"డబ్బాల మీద లేనియి నేనే కల్పించిన."

"మరి నన్నడగవైతివి. కాయితమియ్యి, రాస్త."

చిన్నబోయిన రూప ముఖం విచ్చుకుంది. ఒక్కొక్క అక్షరం తెరమీద పెద్దగా చూపిస్తుంటే, సైదమ్మ తన తీరుగా రాసుకుంటూ పోయింది. 'ఝ' దగ్గర ఆగింది. "జన్మల రాయలే దీన్ని," అని నాలుక పళ్ల మధ్య పెట్టి గీసింది. చివరి కొమ్ము పొడుగ్గా సాగి పక్క అక్షరాన్ని గుద్దింది. తల్లీకూతుళ్లిద్దరూ ఒక్కసారే నవ్వారు.

"సరిజేయాల్నా అమ్మా?"

"వద్దు, గట్లనే ఉండనియ్యి," అంది సైదమ్మ. "ఇంకెన్నున్నయి?"