కాటా మీద అలేఖ్య

ప్రతి ఆదివారం పొద్దున ధనరాజు ఇంట్లో ఒక తంతు జరిగేది. రొయ్యలు తూచే కాటాను చెరువు గట్టు నుంచి తెప్పించి, వసారాలో పెట్టి, కూతురు అలేఖ్యను దాని మీద నిలబెట్టేవాడు. వచ్చిన అంకెను క్యాలెండరు మీద రాసేవాడు. చూసేవాళ్లకి ముద్దుగానే ఉండేది. అందులో ముద్దేమీ లేదని చెప్పడానికే ఈ కథ.

కృత్తివెన్నులో ధనరాజుకు మూడు రొయ్యల చెరువులున్నాయి. వారానికోసారి వల విసిరి, పడిన రొయ్యల్ని తూచి, ఎదుగుదల తగ్గితే మేత మార్చడం అతనికి ఇరవయ్యేళ్ల అలవాటు. అలేఖ్య గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతూ శనివారాలు ఇంటికొచ్చేది. తల్లి ఉమాదేవిలాగే పుట్టుసన్నం. జ్వరమన్నది ఎరగదు. కదిలే బస్సునైనా పరిగెత్తి ఎక్కేస్తుంది. అయినా ఊరు ఊరుకుంటుందా?

"ఏం బావా, రొయ్యల్ని అంతంత పెంచుతావు, పిల్లకి మాత్రం మేత మానేశావా?" అని టీ బడ్డీ దగ్గర నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లు టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. ధనరాజుకి ఆ మాట ముల్లులా గుచ్చుకునేది.

"మా పుట్టింట్లో అందరం ఇంతేనండీ. దాన్నలా వదిలెయ్యండి," అనేది ఉమాదేవి.

"నువ్వూరుకో. మేత సరిగ్గా పడితే ఎదగని ప్రాణం ఉంటుందా?"

ఆ వేసవి సెలవులకి అలేఖ్య ఇంట్లోనే ఉండగా మేత కొట్టు శ్యాంబాబు ఒక తెల్ల డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టాడు. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. "ఆయుర్వేదం బావా. గుడివాడలో తెగ వాడుతున్నారు. పాలల్లో రోజూ రెండు చెంచాలు." చెరువులో చిటికెడు మందు చల్లాలన్నా నలుగుర్ని అడిగే మనిషి, దీని గురించి ఒక్కణ్ణీ అడగలేదు.

"వద్దు నాన్నా, నేను బానే ఉన్నాగా," అంది అలేఖ్య.

"నా కోసం తాగమ్మా," అన్నాడు. తండ్రి అంతలా అడిగితే ఏ పిల్ల కాదంటుంది? తాగింది.

నెల తిరక్కుండా ఐదు కిలోలు పెరిగింది. రెండో నెలకి పదకొండు. బుగ్గలు పూరీల్లా పొంగాయి. టీ బడ్డీ దగ్గర ఆ రోజు ధనరాజే అందరికీ టీ పోయించాడు. ఉమాదేవికి మాత్రం భయం పట్టుకుంది. పిల్ల ముఖం ఉబ్బుతోంది, చేతులేమో ఇంకా చిక్కిపోతున్నాయి. రెండు మెట్లెక్కితే ఆయాసం. చెంబులకి చెంబులు నీళ్లు తాగుతోంది. ఒకరోజు బాత్రూమ్‌లో, పిల్ల వెళ్లొచ్చిన చోట, చీమలు బారులు తీరి కనిపించాయి.

"ఏమండీ, చీమలు పడుతున్నాయండీ," అంది.

"ఎండాకాలం చీమలు పట్టవా?" అని కసిరాడు.

మూడో నెలలో ఒక ఆదివారం అలేఖ్య కాటా ఎక్కకుండానే నీరసంగా పడుకుంది. లేచాక తూద్దాంలే అని ధనరాజు చెరువుకెళ్లి వల విసిరాడు. నిగనిగలాడే పెద్ద రొయ్యలు పడ్డాయి. అలవాటు కొద్దీ ఒకదాన్ని బొటనవేలితో నొక్కాడు. పెంకు సొట్టపోయింది. లోపల కండ లేదు, నీళ్లే. కాటా మీద బరువు చూపిస్తుంది గానీ అలాంటి రొయ్య ఎన్నాళ్లో బతకదు. కూతురి ఉబ్బిన బుగ్గలు గుర్తొచ్చాయి. వల అక్కడే పారేసి ఇంటికి పరిగెత్తాడు.

పడుకున్న కూతురి పాదం మీద బొటనవేలు ఆనించి నొక్కి తీశాడు. గుంట పడింది. అలాగే ఉండిపోయింది.

"అలేఖ్యా! అమ్మా!"

పిల్ల పలకలేదు.

మచిలీపట్నం ఆసుపత్రిలో డాక్టరు ఫౌజియా రక్తపరీక్షలు చూశారు, ఆ డబ్బానూ చూశారు. "ఇందులో స్టెరాయిడ్ కలిపినట్టున్నారండీ. పరీక్షకి పంపుతాను. అది కండ పెట్టలేదు, నీరూ కొవ్వూ పట్టించింది. షుగర్ ఐదొందలు దాటింది. ఆ మందు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. ముందు ఈ రెండ్రోజులు గడవనివ్వండి."

"అసలు మా పిల్ల లావెందుకు అవ్వదు మేడమ్? ఏం జబ్బు?"

ఆవిడ అతనికేసి జాలిగా చూశారు. "పరిగెత్తి బస్సెక్కే పిల్లకి జబ్బేంటండీ? అనుమానముంటే అప్పుడే నా దగ్గరికి తేవాల్సింది. పప్పూ గుడ్డూ పాలూ, కాస్త వ్యాయామం, ఏడాది ఓపిక అని చెప్పేదాన్ని. జబ్బు మీరు డబ్బాలో కొని తెచ్చారు."

మూడో రోజు అలేఖ్య కళ్లు తెరిచింది. తండ్రిని చూసి మెల్లగా అడిగింది. "నాన్నా, ఈ ఆదివారం కాటా ఎక్కాలా?"

ధనరాజు మంచం కోడు పట్టుకుని భోరుమన్నాడు.

ఆర్నెల్లు గడిచాయి. ముఖం వాపు తీసింది, పిల్ల మళ్లీ సన్నబడింది. షుగర్ మాత్రం పోలేదు. టీ బడ్డీ దగ్గర ఎవరో మళ్లీ నోరు జారారు. "అదేంటి బావా, పిల్ల మళ్లీ చిక్కిపోయిందే?"

ధనరాజు గ్లాసు కింద పెట్టాడు. "రొయ్యని తూచేది అమ్ముకోడానికిరా. బిడ్డని నేనెందుకు తూచాను? మీరు నవ్వారని తూచాను. తప్పు నాదే, కాదన్ను. కానీ ఇకమీదట ఆరోగ్యంగా తిరిగే పిల్లని చూసి సన్నగా ఉందని ఎవరూ అనకండి. ఆ మాట మీకు టీ తాగినంతసేపు, నా కూతురికి రోజూ పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది."