బండల మీద చేపలు ఆరిన రోజు

పెట్టెలో పాత ఫొటో ఉన్న గాజుపలక లేదు. కింద హాల్లో గ్రామసభ అప్పటికే మొదలైంది.

తీరంలోని బండలు ఊరందరివని ఆ ఫొటో చూపిస్తేనే నమ్ముతారు. లేకపోతే ఈ మధ్యాహ్నమే అవి టోర్గ్నీ కట్టే హోటల్ కిందికి పోతాయి.

"ఎల్లికా, దొరికిందా?" మెట్ల కింద నుంచి అధ్యక్షుడు యాల్మార్ కేకేశాడు. చేతిలో టమాటా ముక్కలు పేర్చిన రొట్టె.

"ఎవరో ఎత్తుకుపోయారు."

"ఎవరో ఏంటి, ఆ టోర్గ్నీయే. తింటున్నది కూడా అరగనివ్వడు."

పెట్టె అంచున ఏదో అంటుకుని ఉంది. గిల్లి చూశాను. అద్దాలు బిగించే లప్పం. వసంతకాలపు తుఫానులో అద్దాలు పగిలి మళ్లీ బిగించుకున్నది ఊళ్లో ఒక్క ఇంట్లోనే. వెనక తలుపు తీసి పరుగెత్తాను.

ఆ ఇంటి పెరట్లో టమాటా మొక్కల గాజుగది. ఆకుల చాటున ఒక అద్దం మాత్రం పొగచూరినట్టు ఉంది. దాని వెనక నా తెల్ల రుమాలు పట్టాను. ఎండ పడింది.

నెగెటివ్ కదా, ఆకాశం నల్లగా, మనుషులు వెలుగుగా. ఓడలకు దారి చూపే సరంగు కూతురు ఆల్ఫ్‌హిల్డ్ నూరేళ్ల కిందట తీసిన ఊరు. పడవల షెడ్ల తలుపు గడియలు కూడా కనిపిస్తున్నాయి. బండల నిండా చీల్చి ఆరేసిన చేపలు, వాటి మధ్య ప్రతి ఇంటి ఆడవాళ్లూ. ఒక్క గౌను అంచయినా చెదరలేదు. మా తీరాన గాలి ఆగే ఆ ఒక్క క్షణం కోసం ఆవిడ ఎంతసేపు కాచుకుందో.

లప్పం గీకి, పలకను గుండెకు హత్తుకుని వచ్చాను. హాల్లో కిటికీకి ఆనిస్తే అందరూ మూగారు. చేతులు లేచాయి. బండలు ఊరివే.

టోర్గ్నీ మాత్రం కిటికీ వదల్లేదు. "ఆ చివర ఉన్నది మా ముత్తవ్వ," అన్నాడు మెల్లగా. "నా ముక్కు ఆవిడదే."

"ఆ ముక్కుతోనే మా మీదికొచ్చావు," ఎవరో అన్నారు. అతనూ నవ్వాడు.

యాల్మార్ నవ్వలేదు. "టోర్గ్నీ తియ్యలేదంటున్నావు, మరెవరు? పేరు చెప్పు ఎల్లికా. ఎవరైనా సరే, పోలీసులకు అప్పగిస్తాను."

ముందు వరసలో ఒక ముసలామె తలెత్తకుండా స్వెటర్ అల్లుతోంది.

"వద్దులే యాల్మార్."

"చెప్పాల్సిందే."

"ఇందాక రొట్టె మీద తిన్న ఆ టమాటాలు పండించినావిడ. గున్వోర్ పెద్దమ్మ. మీ అమ్మ."