గడ్డివాములో వెచ్చదనం

తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన మర్నాడు భట్టిప్రోలులో కరెంటు లేదు. కిటికీ రెక్క ఊడి గదిలోకి జల్లు కొట్టడంతో లిడియా ఇంట్లో పరుపులు, దుప్పట్లు ముద్దయిపోయాయి. భర్త వినయ్ కుమార్ డ్యూటీకి వెళ్ళి రేపల్లెలోనే చిక్కుకుపోయాడు. ఎనభై దాటిన అత్తగారు రాజమ్మ కుర్చీలో ముడుచుకుని గడగడ వణుకుతోంది.

"కాఫీ పెట్టమంటారా అత్తయ్యా?"

"కాఫీ తర్వాత. గోతాలు పట్టుకెళ్ళి పక్కింటి కోటేశ్వరరావు వాములోంచి గడ్డి పట్రా. పైది లాగొద్దు, నానిపోయుంటది. లోపలికంటా చెయ్యి పెట్టి తియ్యి."

లిడియా హైస్కూల్లో సైన్సు టీచరు. ఇంత వానకి తడవని గడ్డి ఉంటుందా అనుకుంటూనే వెళ్ళింది. వాము పైనుంచి నీళ్ళు కారుతున్నాయి. మోచేతి దాకా లోపలికి తోసేసరికి పొడిగా, గోరువెచ్చగా తగిలింది. నమ్మలేక రెండో చెయ్యి కూడా పెట్టి చూసింది.

గడ్డి కూరిన గోతాన్ని మంచం మీద పరిచి, రాజమ్మను దాని మీద కూర్చోబెట్టి, మరో గోతంలో గడ్డి వేసి, ఆమె కాళ్ళను నడుం దాకా అందులోకి దూర్చింది. బీరువాలోని పొడి చీరలు పైన కప్పింది. కాసేపటికి వణుకు ఆగింది.

"ఇదెక్కడ నేర్చుకున్నారండి?"

"నేర్చుకునేదేంటి? నేను పుట్టిందే గడ్డిలో. కొల్లూరు దగ్గర కోతలకెళ్తే మా అమ్మకి పొలంలోనే నొప్పులొచ్చాయంట. మంచు కురిసే రోజులు. తట్టలో గడ్డేసి, నన్ను పెట్టి, ముక్కు మాత్రం కనపడేలా మళ్ళీ గడ్డి కప్పారంట. మా మేనత్త పక్కనే కూచుని తెల్లార్లూ నా ఊపిరి చూస్తానే ఉందంట."

"మరి పెద్దవాళ్ళో?"

"నెగడేసుకునేవాళ్ళు. మంట ఆరాక వాములో గూడు చేసుకుని, ఒకళ్ళ వీపుకొకళ్ళు ఆనుకుని పడుకునేవాళ్ళు."

"పాములుండవా?"

"ఉండేయి. వాటికీ చలే కదమ్మా!"

కాపురానికొచ్చి ఇన్నేళ్ళయినా లిడియా ఈ సంగతులు వినలేదు. ఎప్పుడూ అడగనూ లేదు. ఇంకో గోతంలో తనూ కాళ్ళు దూర్చుకుని, అత్తగారి పక్కనే కూర్చుని అడుగుతూ పోయింది.

మధ్యాహ్నం మోకాలి లోతు నీళ్ళలో నడిచి వినయ్ ఇల్లు చేరాడు. ఇద్దరినీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటిది?"

"అత్తయ్య ఎలా బతికారో మీకు తెలుసా?" అంటూ లిడియా అంతా చెప్పింది.

పొలంలో పుట్టిందని తెలుసు గానీ తట్ట సంగతి అతనూ వినలేదు. తడి బట్టలు మార్చుకుని తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఆ మేనత్త పేరేంటమ్మా?"

"సామ్రాజ్యం," అంది రాజమ్మ. ఆ పేరు పలికి ఎంతకాలమైందో, మరోసారి నెమ్మదిగా అనుకుని, ఆమె గురించి చెప్పడం మొదలుపెట్టింది.