ఎదురిల్లు

ఎదురుగా ఉంటూ మనది కాకుండా పోవడం అంటే ఇదే కాబోలు అనుకున్నాడతను, కిటికీ ఊచల మధ్య నుంచి చూస్తూ. ఇక్కడ నిలబడి దగ్గితే అక్కడ హైస్కూలు వాచ్‌మన్ వెనక్కి తిరిగి చూస్తాడు. గేటుకి వేసిన కొత్త రంగు, లోపల సైకిళ్ళ స్టాండు, నోటీసు బోర్డుకి కొట్టిన మేకులు అన్నీ కనిపిస్తున్నాయి. గంట కొడితే రేపు ఈ వంటింట్లో పెట్టే గిన్నెలు మోగుతాయి. అయినా ఈ ఇల్లు కొంటే పిల్లకి ఆ బడిలో సీటు లేదు. రోడ్డు మధ్యలో తెల్ల గీత ఉంది, అదే హద్దు. గీతకి అటు ఉన్న ఇళ్ళన్నీ ఆ స్కూలు పరిధి. ఇటు ఉన్నవన్నీ ఎక్కడో రైలు గేటు దాటాక ఉన్న ఇంకో ప్రభుత్వ హైస్కూలు పరిధి. ఆ గీత గీసిన మహానుభావుడెవరో, గీసేసి ఇంటికెళ్ళి హాయిగా భోంచేసి పడుకుని ఉంటాడు. అది సరిగ్గా తన నెత్తి మీంచి పోతోందని వాడికేం తెలుసు?

"బావగారూ, ఇంకా ఆ కిటికీ దగ్గరే ఉన్నారా?" అన్నాడు బ్రోకరు గుమ్మంలోంచి.

బావగారు! మొన్నమొన్నటి దాకా వీడెవడో, తనెవడో. మొదటి రోజే తన భార్యని అక్కయ్యగారూ అని పిలిచాడు. దాంతో అడగకుండానే తనకో బావమరిది వచ్చి పడ్డాడు. ఉన్న బావమరిదితోనే వేగలేక చస్తున్నాడు తను.

"మీరు కొనేది ఇల్లు కాదు బావగారూ, అడ్రసు. అవతలి ఇంటికి అడ్రసుంది. దీనికేముంది? గాలీ వెలుతురూ. గాలీ వెలుతురూ చూపిస్తే పిల్లకి సీటిస్తారా?"

"ఆ ఇంట్లో ఊపిరాడదయ్యా బాబూ."

"ఊపిరి స్కూల్లో పీల్చుకుంటుందండీ! సరే, నేను కింద ఉంటాను. సాయంత్రానికి ఇంకో పార్టీ వస్తోంది, మీ ముగ్గురూ ఒక మాట అనుకుని దిగండి. రెండు తాళాలూ మీ దగ్గరే ఉంచండి అక్కయ్యగారూ, మనలో మనకేంటి."

చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

రెండిళ్ళూ వాళ్ళ తాహతుకి దిగివచ్చినవే. దేని లోపం దానికుంది. అవతలిది గీతకి అటు, బట్టలుతికే షాపు పైన. ఉన్నదొక్కటే కిటికీ, అదీ పక్కింటి గోడని చూస్తూ ఉంటుంది. కింద పెద్ద పెద్ద మిషన్లు తిరిగినప్పుడల్లా నేల సన్నగా వణుకుతుంది. ఇవతలి దానికి గదికో కిటికీ. లేనిదల్లా గీత ఒక్కటే. ఇద్దరూ కాళ్ళరిగేలా తిరిగి, సెలవు రోజులన్నీ తగలేసి, చివరికి తేలినవి ఈ రెండూ. పిల్లకి ఈ ఏడాదితో చిన్న బడి అయిపోతుంది. వచ్చే ఏడు హైస్కూలు. అద్దె ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. ఇవాళ తేలకపోతే రెండూ చేజారతాయి.

"మీరు ఆ కిటికీ వదిలి వస్తారా, రారా?" అంది భార్య.

"వదిలి ఎక్కడికి రమ్మంటావు? అన్ని గదుల్లోనూ ఉన్నాయిగా."

"వెటకారాలకేం లోటు లేదు. నాకు కిటికీ వద్దు. స్కూలు కావాలి."

ఈ మాట అంటున్నది కర్టెన్లు కుట్టే మనిషి. ఎవరి ఇంటికి వెళ్ళినా మనుషుల కంటే ముందు కిటికీలని పలకరిస్తుంది. ఆ మాట అంటూనే చట్రం మీద బొటనవేలూ చిటికెనవేలూ చాపి జానలు వేస్తోంది. అతను చూస్తున్నాడని తెలిసి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అలవాటు," అంది.

"నేనేమన్నాను?"

"అనలేదు, చూశారు. వినండి. రేపు అది పెద్దదై, నన్ను మంచి స్కూల్లో ఎందుకు వేయలేదమ్మా అంటే ఏం చెబుతారు? కిటికీలు బాగున్నాయి తల్లీ అనా?"

అతనికి ఉన్నట్టుండి తన మీద తనకే ఒళ్ళు మండింది. పేపర్లో ఈ స్కూలు ర్యాంకులు వచ్చిన రోజున ముందు ఎగిరి గంతేసింది ఎవరు? తనే. అప్పటిదాకా ఆవిడకి ఈ స్కూలు పేరే తెలియదు. ఆమె మనసులో ఆ పేరు నాటింది తను, ఇవాళ అది చెట్టయిందని విసుక్కుంటున్నదీ తనే. అంతకంటే సిగ్గు పడాల్సింది ఇంకొకటుంది. కళ్ళద్దాల దుకాణంలో అతని పని చూపు పరీక్ష. ఎవరూ లేనప్పుడు, ఫ్రేముల పక్కనున్న అద్దం ముందు నిలబడి ఒక మాట సాధన చేశాడు. మీ అమ్మాయి ఏ స్కూలండీ అని ఎవరైనా పెద్దమనిషి అడిగితే, చెప్పీ చెప్పనట్టు, అబ్బే అదేమంత విశేషం అన్నట్టు ఈ స్కూలు పేరు ఎలా అనాలి అని. రెండోసారి అన్నప్పుడు అద్దంలో తన మొహం తనకే కనబడింది. వెంటనే గుడ్డ తీసుకుని ఫ్రేములు తుడవడం మొదలుపెట్టాడు. మరి ఆ సీటు ఎవరికి కావాలి, పిల్లకా, ఆ అద్దంలోని మొహానికా?

పిల్ల గది మధ్యలో నేల మీద కూర్చుంది. పొడుగాటి కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మడిచి మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. ఆ కాళ్ళ వల్లే దానికి ఇంట్లో మిడత అని పేరు.

"మిడతా," అన్నాడతను. "అదా, ఇదా?"

"మళ్ళీనా నాన్నా?"

"చెప్పు."

"నిన్న అది అన్నాను, అమ్మ సంతోషించింది. మొన్న ఇది అన్నాను, నువ్వు సంతోషించావు. ఇవాళ ఎవరి వంతు?"

భార్య పైకి నవ్వలేదు గానీ మొహం పక్కకి తిప్పుకుంది. అతనికి చురుక్కుమంది. దుకాణంలో రోజంతా తను చేసేది ఇదే. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళ ముందు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, ఇది బాగుందా, అది బాగుందా అని అడగడం. కొంతసేపయ్యాక మనిషి చూడడం మానేస్తాడు. అడిగేవాడి గొంతు విని, ఏది అంటే వీడు వదులుతాడో అది అంటాడు. వచ్చిన వాళ్ళందరిలోనూ దీన్ని ఇట్టే పసిగట్టే మనిషి, ఇంట్లో కన్నకూతుర్ని అదే కుర్చీలో కూర్చోబెట్టి వారాల తరబడి అద్దాలు తిప్పుతున్నాడు.

"మా సంగతి వదిలెయ్. నీ మాట చెప్పు."

"రెండూ ఒకటే."

"ఒకటే ఏమిటే! ఒకటి పేపర్లో వచ్చిన స్కూలు, ఇంకోటి రైలు గేటు అవతల!"

"నేను రెండూ చూశాను కదా. అక్కడికి మా క్లాసంతా ఆటల పోటీకి వెళ్ళాం. ఇక్కడ, నువ్వూ బ్రోకరు మామయ్యా కింద వాదించుకుంటుంటే గేటు దగ్గర నిలబడి ఆ పిల్లల్ని అడిగాను. అక్కడ సైన్సు టీచరు అరుస్తుంది. ఇక్కడ లెక్కల సారు అరుస్తాడట. అక్కడ గ్రౌండు పెద్దది. ఇక్కడ లైబ్రరీ పెద్దది. రెండూ ఒకటే నాన్నా, నిజంగా."

"వాడెప్పుడు మామయ్యయ్యాడే నీకు?" అన్నాడు, ఇంకేమనాలో తోచక.

"అమ్మ అక్కయ్య అయినప్పుడు." మిడత మోకాళ్ళ మీంచి గడ్డం ఎత్తింది. "స్కూళ్ళే ఒకటి. ఇళ్ళు కాదు. ఆ ఇంట్లో పాఠం చదువుకుంటూ కూర్చున్నాను చూడు, అప్పుడు అక్షరాలు కదిలాయి."

"మిషన్లు రోజంతా తిరగవే," అంది తల్లి.

"నేను బడి నుంచి ఇంటికి వచ్చే వేళ నుంచీ తిరుగుతాయట. కింద అడిగాను."

తల్లి అతని వైపు తిరిగి, "రెండూ ఒకటేనట, విన్నారా? దానికేం తెలుసు? పసిది. మీరైనా చెప్పండి," అంది. ఆ గొంతులో కోపం ఎంతుందో, అలసట అంతకు రెట్టింపుంది.

అతను వింటున్నాడు గానీ మనసు దుకాణంలో ఉంది. రెండూ ఒకటే. ఆ మాట కుర్చీలోంచి రోజుకెన్నిసార్లు వినబడుతుందో. పనిలో చేరిన కొత్తలో అది వినగానే చిరాకేసేది, సరిగ్గా చూసి చెప్పడం లేదని మరో అద్దం, ఆపైన మరో అద్దం పెట్టేవాడు. పని నేర్పిన పెద్దాయన ఒకరోజు చేతి మీద ఒక్కటి వేశాడు. ఆగరా, అదే నంబరు, అన్నాడు. తేడా తెలిసినన్నాళ్ళూ తిప్పాలి. రెండూ ఒకటే అన్నాడంటే చూపు కుదిరినట్టు. ఇంకా తిప్పితే కుదిరింది చెడుతుంది. ఆ తర్వాత ఎంతమంది కుర్రాళ్ళకి తను అదే మాట చెప్పాడు! తన ఇంట్లో ఆ మాట వినబడితే మాత్రం, ఒకటే ఏమిటే అని కసిరాడు.

కానీ ఆవిడ అడిగినదానికి ఇది జవాబేనా? రేపు పిల్ల పెద్దయ్యాక అడిగితే? అడుగుతుందేమో. అవతలి ఇంట్లో పెంచినా అడుగుతుంది, వేరే ప్రశ్న. ఏదో ఒక ప్రశ్న ఎలాగూ తప్పదు. తప్పించుకునే ఇల్లేదో వెతుకుతూ ఇన్నాళ్ళూ ఊరంతా తిరిగాడన్నమాట.

"బావగారూ!" కింద నుంచి కేక. "ఏమనుకున్నారు? వాళ్ళు బయల్దేరారట!"

భార్య అతని మొహంలోకి చూసింది. అవతలి ఇంటి తాళం ఆమె గుప్పిట్లో ఉంది. ఇవతలిది కిటికీ గట్టు మీద పడి ఉంది.

"ఏదో ఒకటి చెప్పండి, మీకు దణ్ణం పెడతాను," అంది నెమ్మదిగా.

అతను గట్టు మీదున్న ఆమె చేతిసంచి జిప్పు లాగి, దారపు ఉండల కింద తడిమి, చుట్టి పెట్టిన కొలత టేపు తీశాడు. చుట్టని ఆమె ముందు చాపి, ఇత్తడి మొనని కిటికీ చట్రం పై మూలకి ఆనించి, బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.